పన్నెండు అంతస్తుల్లో అరుగు ఎక్కడ కట్టాలి

మా నాన్న పోయిన రోజు లిఫ్టులో స్ట్రెచర్ పట్టలేదు. ఐదో అంతస్తు నుంచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో కుర్చీకి కట్టి, నలుగురు మెట్ల మీదుగా దించారు. మలుపులో కుర్చీ తిరగక మా బాబాయి మోచెయ్యి గోడకి గీసుకుపోయింది. కింద స్టిల్టులో రెండు కార్లు తీయించి, పిల్లర్ల మధ్య చాప పరిచి పడుకోబెట్టాం. పైన మురుగు పైపు ఒకటి చుక్కచుక్కగా కారుతుంటే ఎవరో చూసి బకెట్ పెట్టారు. వచ్చినవాళ్లు కూర్చోడానికి చోటు లేక స్కూటర్ సీట్ల మీద కూర్చున్నారు.

ఆ అపార్ట్‌మెంట్ నేను గీసింది కాదు. కానీ అచ్చం అలాంటివి అప్పటికి నేనూ పదకొండు గీసి ఉన్నాను. అదే కొలత లిఫ్టు, అదే మలుపు, పైన తాళం వేసి ఉండే అదే కమ్యూనిటీ హాలు.

మాది అమలాపురం దగ్గర ఊరు. రాజమండ్రిలో ఆఫీసు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా గోదావరి జిల్లాల్లో ఇళ్లు గీస్తున్నాను. ఇప్పుడు కాకినాడ శివార్లలో స్టిల్టు మీద పన్నెండు అంతస్తులది ఒకటి లేస్తోంది, తొమ్మిదో స్లాబు దాకా వచ్చింది. దాంట్లో ఏం మార్చానో, ఎందుకు మార్చానో చెబుతాను. స్థలాలు కలుపుకుని కట్టించుకుంటున్న బంధువర్గాలకీ, చిన్న బిల్డర్లకీ, కొత్తగా చేరిన ఇంజనీరు పిల్లలకీ పనికొస్తుందని రాస్తున్నాను. నేను పట్టుకున్న సూత్రం ఒకటే. మళ్లీ మార్చలేని వాటిని, అంటే పిల్లర్లు, మెట్లు, లిఫ్టు, పైపుల దారులను, మొదట్లోనే పెద్ద మనసుతో కట్టాలి. మిగతా గోడలన్నీ వదులుగా ఉంచాలి. నలుగురూ కలిసే చోటు మాత్రం జనం ఎలాగూ నడిచే దారిలోనే ఉండాలి.

ముందు మట్టి సంగతి

అసలు డెల్టాలో ఇంత ఎత్తు కట్టాలా అని నన్ను చాలామంది అడుగుతారు. ఊళ్లలో అక్కర్లేదనే చెబుతాను, మూడంతస్తులు చాలు. కాకినాడ, భీమవరం లాంటి చోట్ల మాత్రం పక్కకి విస్తరించే ప్రతి లేఅవుటూ ఒక వరిచేనో కొబ్బరితోటో మింగుతోంది. అక్కడ పైకి వెళ్లడమే మేలు.

స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు సాయిల్ టెస్ట్ వాళ్లకంటే ముందు పక్కింటి ముసలాయన్ని అడగండి, ఇక్కడ ఇంతకుముందు ఏముండేదని. చెరువా, బోదా, రొయ్యల గుంటా, తోటా? 1986 ఆగస్టు వరదలో, ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పోయినప్పుడు, ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయో కూడా అడగండి. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూపించిన ఎత్తుకి పైనే కరెంటు ప్యానెళ్లు, జనరేటర్, పంపు మోటార్లు ఉండాలి.

పల్లాన్ని రెండు మీటర్లు మెరక చేసి దాని మీద పైల్స్, అంటే లోతుగా దిగే పునాది స్తంభాలు, దింపితే వచ్చే తంటా ఒకటుంది. కొత్త మట్టి బరువుకి కింద ఉన్న మెత్తటి బంకమట్టి ఏళ్ల తరబడి కుంగుతుంది. కుంగుతూ కుంగుతూ పైల్‌ని పట్టుకుని కిందికి లాగుతుంది. పైల్‌కి మట్టి పట్టు ఆసరా కావాల్సింది పోయి భారమవుతుంది. మెరక చేసింది ఎప్పుడు, ఎంత మందం అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరుకి తప్పకుండా చెప్పాలి. ఇది దాచిపెట్టే ఓనర్లు ఉన్నారు, టెన్షన్ మాత్రం తర్వాత కొనుక్కున్నవాళ్లది.

సెల్లార్ మాట ఎత్తొద్దు. మన దగ్గర వానాకాలం గునపం దింపితే నీళ్లు. సంపు కూడా జాగ్రత్తగా లెక్క కట్టాలి. బయటి కొలత 4 మీటర్లు, 6 మీటర్లు, లోతు 3 మీటర్లు ఉన్న సంపు నేలలో పూర్తిగా మునిగి ఉంటే, చుట్టూ నీళ్లు నేల మట్టానికి వచ్చిన రోజున దాన్ని పైకి తోసే బలం 72 టన్నులు. కాంక్రీటు బరువు చూస్తే యాభై, యాభై రెండు టన్నులు. లోపల నీళ్లున్నంత కాలం బాగానే ఉంటుంది. శ్రావణంలో ఎవరికో సంపు కడిగించాలని బుద్ధి పుట్టి ఖాళీ చేశారనుకోండి, పడవలా లేవడానికి చూస్తుంది. పైపులు విరుగుతాయి, మూలలు పగులుతాయి. అడుగు స్లాబుని చుట్టూ అరమీటరు బయటికి పొడిగిస్తే పైన పడిన మట్టి బరువు తొక్కి పట్టి ఉంచుతుంది. అయినా సరే సంపు ఎండాకాలంలోనే కడగాలని మూత మీదే రాయించండి.

పిల్లర్లు గట్టిగా, గోడలు తేలిగ్గా

ఈ మధ్య పెద్ద టవర్లన్నీ మైవాన్ పద్ధతిలో, అల్యూమినియం అచ్చుల్లో గోడా స్లాబూ కలిపి కాంక్రీటు పోసి కడుతున్నారు. పని వేగం, నునుపు బాగుంటాయి. కానీ లోపలి గోడల్లో చాలావరకు బరువు మోసేవే. పదేళ్ల తర్వాత రెండు గదులు కలుపుదామంటే కుదరదు, చిన్న తలుపు కొడదామన్నా ఇంజనీరు దండం పెడతాడు. అందుకే ఇళ్లు మారుతుండాలనుకునేచోట నేను పిల్లర్లు, బీములు, మధ్యలో బ్లాకుల గోడలే వాడతాను. మెట్లు, లిఫ్టుల చుట్టూ మాత్రం కాంక్రీటు గోడలు. గాలి తోపుడికి నిలబడేది ఆ గూడే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. హబ్రాకెన్ అనే డచ్ ఆర్కిటెక్ట్ 1960ల్లోనే చెప్పాడు: మోసే భాగం అందరిదీ, లోపల నింపుకునేది ఎవరిది వాళ్లది అని. జపాన్‌లో ఒసాకా గ్యాస్ సంస్థ 1993లో నెక్స్ట్ 21 అని 18 ఇళ్ల భవనం ఈ పద్ధతిలో కట్టింది. ఇళ్లు వేరువేరు ఆర్కిటెక్టులు గీశారు, అస్థిపంజరం ఒక్కటే. తర్వాత కొన్ని ఇళ్లను లోపలినుంచి విప్పి మళ్లీ కట్టి చూశారు కూడా.

పిల్లర్ల దూరం దగ్గర మనవాళ్లు తప్పు చేస్తారు. పైన బెడ్‌రూమ్ కొలతను బట్టి పిల్లర్లు పెట్టేసి, కింద కార్లు ఎలా పడతాయని తర్వాత తల పట్టుకుంటారు. తిరగేసి చెయ్యండి. రెండున్నర మీటర్ల చొప్పున మూడు కార్లు పక్కపక్కన పట్టాలంటే పిల్లర్ల మధ్య ఏడున్నర మీటర్ల ఖాళీ కావాలి, సెంటర్ నుంచి సెంటర్‌కి ఎనిమిది దాకా. ఆ ఎనిమిది మీటర్ల గడిలో పైన రెండు గదులు పడతాయి, ఒక పెద్ద హాలూ పడుతుంది. బీములు కాస్త లోతవుతాయి కాబట్టి అంతస్తు ఎత్తు 3.2 మీటర్లు ఇచ్చాను. పది అడుగుల్లో సర్దెయ్యమని బిల్డర్ నెల రోజులు నా చుట్టూ తిరిగాడు.

సముద్రపు గాలి తగిలేచోట ఇనుముకి ఉప్పుని మించిన శత్రువు లేదు. కోస్తా వాతావరణానికి మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది ఎం30 బలానికి తగ్గని కాంక్రీటు, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే ఊచని కప్పి ఉంచే కాంక్రీటు మందం. కాగితం మీద అందరూ రాస్తారు. సైట్లో మాత్రం కవర్ బ్లాకులకి బదులు కంకర రాయి దోపుతారు, కాంక్రీటు పోసేటప్పుడు అది పక్కకి జారుతుంది, ఊచ సెంట్రింగ్ చెక్కకి ఆనిపోతుంది. స్లాబు ముందురోజు సాయంత్రం నేనే వంగి, ఊచల కింద చెయ్యి పెట్టి తడిమి చూస్తాను. నాలుగు వేళ్లలో రెండున్నర వేళ్లన్నా దూరాలి. స్లాగ్ సిమెంట్ వాడితే ఉప్పుకి ఇంకాస్త ఓర్చుకుంటుంది.

డక్టుకి తలుపు, ఆగ్నేయానికి లెక్క

బాత్‌రూములు, వంటగది మాత్రం ఇష్టం వచ్చినచోటికి జరిపేవి కావు. అవి పైపులన్నీ నిలువుగా దిగే సందుని, అంటే డక్టుని, అంటిపెట్టుకుని ఉండాలి. ఆ డక్టు మనిషి నిలబడి స్పానర్ తిప్పేంత వెడల్పు, అంటే కనీసం మీటరు ఉండాలి. దాని తలుపు కారిడార్‌లోకి తెరుచుకోవాలి. లోపల ప్రతి అంతస్తులోనూ ఇనుప గ్రేటింగ్ వెయ్యండి. మూడో అంతస్తు పైపు లీకైతే ప్లంబర్ రెండో అంతస్తు వాళ్ల బాత్‌రూములో సీలింగ్ పగలగొట్టే అవసరం రాకూడదు. మా నాన్న మీద కారిన పైపు సంగతి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. స్టిల్టులో జనం కూర్చునే భాగం మీదుగా ఒక్క మురుగు పైపు కూడా పోనివ్వను.

ఇక వాస్తు. నమ్మినా నమ్మకపోయినా, వంటగది ఆగ్నేయంలో లేని ఫ్లాటు మన జిల్లాల్లో అమ్ముడవదు. మామూలుగా ఒక ఫ్లాటు గీసి దాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి పక్కది గీస్తారు, డక్టు కలిసొస్తుందని. తిరగేస్తే ఒకరి ఆగ్నేయం ఇంకొకరి నైరుతి అవుతుంది. ఆ ఫ్లాటు కొన్నవాళ్లు వంటగదిని బాల్కనీలోకి లాక్కుపోతారు, పైపులు గోడల మీద పాకుతాయి, కింది వాళ్లకి తడి దిగుతుంది. నేను తిరగెయ్యడం మానేశాను. ఒకే ప్లాన్‌ని పక్కకి జరుపుతాను, అంతే. డక్టులు రెండు ఎక్కువయ్యాయి. అయితే గృహప్రవేశం నాడు సుత్తి చప్పుళ్లు ఉండవు.

మూసిన గుమ్మం

నాన్న పోయాక అమ్మ మా ఇంటికొచ్చింది. మాది రెండు బెడ్‌రూములు, పిల్లలిద్దరు. అమ్మ హాల్లో పడుకునేది. వారం అయ్యాక అంది, "రైల్వే స్టేషన్లో పడుకున్నట్టుందే. ఎవరొచ్చినా ముందు నా కాళ్లే కనపడతాయి."

కుటుంబం పదేళ్లకోసారి ఆకారం మారుస్తుంది. పిల్లలు పుడతారు, ముసలివాళ్లు వస్తారు, పిల్లలు హైదరాబాదో అమెరికానో పోతారు, ఇల్లు ఖాళీగా ఉంటుంది. అందుకని ప్రతి మూడు బెడ్‌రూముల ఫ్లాటులోనూ ఒక చివరి గది, దాని బాత్‌రూమూ కారిడార్‌ని ఆనుకుని ఉండేలా గీశాను. కారిడార్ వైపు గోడలో ఒక గుమ్మానికి ఏర్పాటు ఉంటుంది, కానీ మూసి ఉంటుంది. కావాల్సినప్పుడు తెరుచుకుంటే అది అమ్మ గది, లేదా పాలిటెక్నిక్ కుర్రాడికి అద్దెగది, లేదా టైలరింగ్ గది.

ఎలా కట్టాలంటే: తొమ్మిది వందల మిల్లీమీటర్ల గుమ్మానికి సరిపడా, రెండువైపులా చెరో జానెడు గోడ మీద కూర్చునేలా లింటెల్, అంటే గుమ్మం పైన అడ్డంగా ఉండే కాంక్రీటు పట్టీ, ముందే పోసెయ్యాలి. దాని కింద బ్లాకులు పేర్చేటప్పుడు పక్క గోడతో పళ్లు కలపకూడదు, నిట్టనిలువు జాయింటు రావాలి. ఆ బ్లాకుల మధ్య మాలులో సిమెంటు వంతు తక్కువ ఉండాలి. ఆ మీటరు మేర స్విచ్‌బోర్డు, పైపు, కేబుల్ ఏదీ వెళ్లకూడదు. మీటర్ల బోర్డు దగ్గర రెండో మీటరుకి ఖాళీ గడి, అక్కడినుంచి ఆ గదికి ఖాళీ పైపు వేసి ఉంచాలి. ఖర్చు ఫ్లాటు ధరలో లెక్కలోకి రానంత తక్కువ. తెరవాల్సిన రోజున ఇద్దరు మనుషులు ఒక పూటలో బ్లాకులు తీసేస్తారు, ఫ్లాటులో ఎవరూ ఖాళీ చెయ్యక్కర్లేదు.

పక్కపక్క ఫ్లాట్ల మధ్య గోడలో కూడా ఇలాంటిదే ఒకటి పెట్టాను. మా వైపు అన్నదమ్ములు జతగా కొంటారు కదా. గుమ్మం తెరిస్తే ఉమ్మడి కుటుంబం, మూస్తే వేరుపడ్డట్టు. మా మేస్త్రి ఇది విని, "ఆయ్, మరి గొడవొచ్చినప్పుడు మూయడానికి నన్నే పిలుస్తారండి" అన్నాడు.

ఇవన్నీ మొదట మంజూరు చేయించుకునే ప్లాన్‌లోనే చూపించండి. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) సెక్షన్ 14 ప్రకారం, మంజూరైన ప్లాన్‌లో తర్వాత మార్పులు చెయ్యాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ముందే చూపిస్తే సంతకాల కోసం తిరిగే పని ఉండదు.

అరుగు

ఇప్పుడు అసలు విషయం. మా తాతగారిల్లు మండువా లోగిలి. వీధి గుమ్మానికి రెండువైపులా అరుగులు. మోకాలి ఎత్తు, అంచు వేళ్లకి తగలకుండా గుండ్రంగా అరిగిపోయి ఉండేది. పాలవాడు కేను దించేది అక్కడే, పోస్టుమాన్ కూర్చునేది అక్కడే, తాతయ్య పేపరు చదివేది అక్కడే. ఎవరూ ఎవర్నీ "రండి, మీటింగ్" అని పిలిచింది లేదు. దారిలో ఉంది కాబట్టి కూర్చున్నారు.

అపార్ట్‌మెంట్లలో కమ్యూనిటీ హాలు ఎందుకు చచ్చిపోతుందంటే అది ఎవరి దారిలోనూ ఉండదు. తాళం సెక్రటరీ దగ్గర, సెక్రటరీ డ్యూటీలో. ఏడాదికి రెండు జనరల్ బాడీలు, ఒక వినాయక చవితి.

అందుకే కారిడార్‌ని ఒకవైపే ఫ్లాట్లున్నట్టు, రెండో వైపు గాలికి తెరిచి గీశాను. ప్రతి ఇంటి గుమ్మం పక్కన గోడని అరవై సెంటీమీటర్లు లోపలికి నొక్కి, అందులో అరుగు. నడిచే దారి వెడల్పులోకి ఒక్క అంగుళం కూడా రాకూడదు. అగ్గి పుట్టినప్పుడు జనం పరిగెత్తేది ఆ దారిలోనే. ఎత్తు నలభై ఐదు సెంటీమీటర్లు. లోతు అరవై ఉంటే బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు, బియ్యం ఏరుకోవచ్చు. అంచు గుండ్రంగా చేయించండి, లేకపోతే తొడల కింద కోస్తుంది. పాలిష్ గ్రానైట్ వద్దు, వాన జల్లుకి జారుతుంది. మొదటి అంతస్తు అరుగులకి పని కాకముందే గిరాకీ వచ్చింది, సెంట్రింగ్ కుర్రాళ్లు భోజనాలు అక్కడే చేస్తున్నారు.

చెప్పుల స్టాండు ఎక్కడ పెట్టుకుంటారో కూడా గీసెయ్యాలి, అరుగు కింద ఖాళీ వదిలి. లేకపోతే ఆర్నెల్లలో అరుగే చెప్పుల స్టాండవుతుంది.

ఆరో అంతస్తులో మండువా

ఆరో అంతస్తులో ఒక ఫ్లాటు వదులుకుని, ఆ చోటుని అందరూ కలిసే మండువాగా ఉంచమని బిల్డర్‌ని ఒప్పించడం ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం. నలభై ఎనిమిది ఫ్లాట్లు నలభై ఏడయ్యాయి. ఫ్లాటు అరవై లక్షలనుకుంటే ఆ భారం ఒక్కొక్కరి మీద లక్షా ముప్పై వేలలోపు పడుతుంది. కొనేవాళ్లకి బొమ్మ చూపించి, లెక్క చెప్పి అడిగాం. ఎక్కువమంది సరేనన్నారు. ఒకాయన మాత్రం "ఆ డబ్బుతో ఏసీలు పెట్టించొచ్చు కదండీ" అన్నాడు. ఆయన అన్నదాంట్లోనూ న్యాయం లేకపోలేదు.

ఆ చోటు రెండువైపులా తెరిచి ఉంటుంది, ముఖ్యంగా దక్షిణం వైపు. సాయంత్రం పైరగాలి వచ్చేది అటునుంచే. మెట్లు ఎక్కేవాళ్లూ లిఫ్టు దిగేవాళ్లూ దాన్ని చూడకుండా పోలేరు. తలుపు లేదు, కాబట్టి తాళం లేదు. ముంబయిలో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా కట్టిన కాంచనజంగా అపార్ట్‌మెంట్ 1983 నాటిది, 28 అంతస్తులు. అక్కడ రెండంతస్తుల ఎత్తు వరండాలు ఎండకీ వానకీ ఇంటికీ మధ్య నిలబడతాయి. అవి ఒక్కో ఇంటివి. సింగపూర్ డాసన్‌లో స్కైవిల్ అని 2015లో 960 ఇళ్లతో 47 అంతస్తులు కట్టారు. అక్కడ ఎనభై ఇళ్లకొక ఉమ్మడి తోట, గాలిలో. మనకి అంత పెద్దవి అక్కర్లేదు. నలభై ఏడు ఇళ్లకి ఒక్క మండువా చాలు.

ఇలాంటి చోటుని నేను ఆవకాయతో పరీక్షిస్తాను. మే నెలలో పది కుటుంబాలు కలిసి రెండొందల కాయ కొట్టుకోవాలంటే ఏం కావాలి? కాయలు కడగడానికి కుళాయి, కానీ కలిపే చోటికి దూరంగా, తడి చుక్క పడకూడదు కాబట్టి. తుడిచి ఆరబెట్టడానికి నీడ, గాలి. కత్తిపీట వేసి కొట్టడానికి గట్టి నేల, టైల్ అయితే పగిలిపోతుంది, అందుకని అక్కడ మందపాటి రాయి. మిక్సీకి పదహారు యాంపుల సాకెట్. నూనె ఒలికితే కడిగేందుకు వాలు, నీళ్లు దిగే జాలీ. పక్కనే ఒడియాలకి, తాండ్రకి ఎండ తగిలే మూల ఒకటి. ఇవన్నీ ఉంటే అక్కడ ట్యూషన్లూ నడుస్తాయి, బారసాలలూ జరుగుతాయి. ఇవేమీ లేకుండా సోఫాలు, ఏసీ పెడితే అది ఫొటోకి మాత్రమే.

బరువు మర్చిపోకండి. ఇళ్ల గదులకి చదరపు మీటరుకి 200 కిలోల లెక్క. జనం గుమిగూడే హాలుకి 500 కిలోలు. ముందు ఫ్లాటుగా డిజైన్ చేసేసి తర్వాత హాలుగా వాడితే ప్రమాదం. మొక్కల తొట్లు ఇంకా మోసం చేస్తాయి. ఒక అడుగు మందం తడిమట్టి చదరపు మీటరుకి ఐదొందల కిలోలు దాటుతుంది. కోనసీమలో కొబ్బరిపొట్టుకి కొదవా, మట్టిలో సగం అదే కలిపించాను. మొక్కలు కడియం నర్సరీల నుంచి తెచ్చుకోవచ్చు, కానీ అక్కడ నీడలో పెరిగినవాటిని తెచ్చి ఆరో అంతస్తు గాలిలో పెడితే వారంలో ఆకులు మాడతాయి. నందివర్ధనం, కరివేపాకు తట్టుకున్నాయి. తొట్టి కింద పళ్లెం పెట్టొద్దు, దోమలకి ఆహ్వానం.

ఎత్తైన భవనాల్లో 24 మీటర్లు దాటాక రిఫ్యూజ్ ఏరియా వదలాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. "మండువాని అందులో కలిపేద్దామండి, చోటు కలిసొస్తుంది" అని నాకు సలహా వచ్చింది. కలపకూడదు. రిఫ్యూజ్ ఏరియా అగ్నిప్రమాదంలో జనం వచ్చి నిలబడే చోటు, జాడీలూ సైకిళ్లూ ఉండకూడదు.

కింద స్టిల్టులో కూడా ఒక గడి, అంటే ఎనిమిది మీటర్ల చదరం, కార్లు లేకుండా వదిలించాను. సింగపూర్ ప్రభుత్వపు ఇళ్లలో నేల అంతస్తుని ఖాళీగా వదిలేస్తారు, అక్కడ పెళ్లిళ్లూ జరుగుతాయి, శవాన్ని ఉంచి నివాళులూ అర్పిస్తారు. మాది దానికి చిన్న తమ్ముడు. నీళ్ల కుళాయి, కడిగితే బయటికి పోయే వాలు, నాలుగు ఫ్యాను హుక్కులు, గోడ పొడవునా అరుగు. మెట్లకి, స్ట్రెచర్ లిఫ్టుకి ఎదురుగా. ఆ లిఫ్టు లోపల వెడల్పు 1.1 మీటర్లు, లోతు 2.1. టేపు పట్టుకుని నేనే కొలుస్తాను. సంక్రాంతికి ముగ్గులూ గొబ్బెమ్మలూ అక్కడే. భోగిమంట మాత్రం గేటు బయట.

గాలి, నీళ్లు, కరెంటు పోయిన మూడు రోజులు

ఉక్కపోత డెల్టాలో ఏసీ బిల్లు తగ్గాలంటే కిటికీ నిజంగా తెరుచుకోవాలి. ఇళ్లలో కరెంటు పొదుపు కోసం వచ్చిన కోడ్, ఎకో నివాస్ సంహిత 2018, మనలాంటి తేమ వాతావరణానికి, తెరుచుకునే భాగం ఇంటి కార్పెట్ ఏరియాలో ఆరో వంతు ఉండాలంటుంది. ఆ లెక్కన 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు. ఐదు అడుగులకి నాలుగు అడుగుల స్లైడింగ్ కిటికీ పెట్టి సరిపోయిందనుకుంటారు. స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది, వచ్చేది పదే. రెక్కల కిటికీ పెట్టండి. పడమటి గోడ మీద కిటికీలు తగ్గించి మెట్లు, డక్టులు అటు నెట్టండి.

తుపాను లెక్క కూడా ఆ కిటికీకే. భవనాల మీద పడే బరువుల, గాలి లెక్కల ప్రమాణం ఐఎస్ 875 మన తీరానికి ఇచ్చే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి తోపుడు ముడి లెక్కన చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. పెద్ద కిటికీ అయితే దాని మీద నాలుగొందల కిలోలు. ఫ్రేముని రెండు మేకులతో బిగించి సిలికాన్ పూసి పోయేవాళ్లకి ఈ అంకె ఒకసారి చెప్పండి.

1996 నవంబరు 6 రాత్రి, కోనసీమని తుపాను కొట్టినప్పుడు, నేను మా ఊళ్లోనే ఉన్నాను. ఆ తర్వాత కరెంటు రావడానికి ఎన్నాళ్లు పట్టిందో కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. పన్నెండో అంతస్తులో ఉన్నవాళ్లకి కరెంటు లేదంటే నీళ్లు లేవని. మామూలు రోజున మనిషికి 135 లీటర్ల లెక్కన మా టవర్‌కి ఇరవై అయిదు వేల లీటర్లు కావాలి. ఆపదలో మనిషికి నలభై చొప్పున ఏడున్నర వేలు చాలు. వెయ్యి లీటర్లు 45 మీటర్లు ఎత్తడానికి, సగం సామర్థ్యం పంపైనా పావు యూనిట్ చాలు. ఏడున్నర వేలకి రెండు యూనిట్లలోపే! చిన్న సోలారు, నాలుగు బ్యాటరీలు దీనికి సరిపోతాయి. దీనికోసం విడిగా ఒక చిన్న పంపు, విడి లైను వేశాం. స్ట్రెచర్ లిఫ్టు మాత్రం జనరేటర్ మీద. సోలారు ఫ్రేములు స్లాబులో ముందే పాతిన బోల్టులకి బిగించాలి, ఇటుకలు పెట్టి ఆనిస్తే తుపానుకి పక్క వీధిలో దొరుకుతాయి.

ఇంకుడు గుంతల గురించి నాది కాస్త మొండి అభిప్రాయం. వానాకాలం నేలలో నీళ్లు రెండడుగుల్లో ఉన్నచోట గుంత తవ్వి ఎక్కడికి ఇంకించాలి? తవ్వకపోతే కాగితాలు కదలవు కాబట్టి తవ్వుతాం. నిజంగా పనికొచ్చేది తొట్టి. మేడ 600 చదరపు మీటర్లు, ఏడాదికి వాన వెయ్యి మిల్లీమీటర్లకి పైనే, అంటే ఆరు లక్షల లీటర్లు. వినడానికి చాలా ఎక్కువ, టవర్ మొత్తానికి ఇరవై నాలుగు రోజుల వాడకం. అంతా దాచలేం. ఉప్పు బోరు నీళ్లకి బదులు వంటకీ తాగడానికీ ఒక లక్ష లీటర్లు దాచుకున్నా, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ట్యాంకర్ వెనక పరిగెత్తే పని తగ్గుతుంది.

చివరిగా కాగితాల పని. మూసిన గుమ్మాలు ఎక్కడున్నాయో పదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. అందుకని ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి దాని మీదా ఎర్ర రంగుతో "ఇక్కడ గుమ్మం ఉంది" అని రాయించి ఫొటో తీయించాలి. మా మేస్త్రి ఆరు అంతస్తులవి పంపాడు, కొన్నింట్లో అతని బొటనవేలు కూడా పడింది. వాటిని ఫ్లాటు నంబరు వారీగా సొసైటీకి అప్పగించే ఫైల్లో పెట్టి, ఇంకో కాపీ డక్టు తలుపు లోపలివైపు అంటించండి. లామినేషన్ చేయించి అంటించాలి, ఉత్త కాగితం ఆ తేమకి ఒక్క వానాకాలం కూడా ఆగదు.